గచ్చు మీద అన్నభేది

మా ఊర్లో రాయికి కరువు లేదు.
బేతంచెర్లంటేనే నాపరాయి.
పొద్దున లేస్తే కోత మిషన్ల కూత,
వాన పడకున్నా కాలవల్లో తెల్లటి రాతిపాలు.
"బండల ఊర్లో ఉండి గచ్చుకు రంగేంది వదినా,
నవ్విపోతారు" అన్నాడు దస్తగిరి,
పాలిషు పట్టీ పట్టీ తెల్లబడిన కనురెప్పల్తో.

నవ్వనీ.
చదరపు అడుగు ఎంతో వాడే చెప్పినాడు,
పరిచే కూలి ఎంతో కూడా వాడే చెప్పినాడు.
మిగిలింది లెక్క. లెక్క నాకొచ్చు.

ఇరవై రెండేళ్లు జూనియర్ కాలేజీ ల్యాబులో
పరీక్షనాళికలు కడిగినదాన్ని.
పేరుకు అటెండరే గానీ
ఏ సీసాలో ఏది నిద్రపోతుందో నాకు తెలుసు.
"నీళ్లలో యాసిడ్ పోయాల, యాసిడ్‌లో నీళ్లు కాదు"
అని జూన్‌లో లెక్చరర్ చెప్పేది,
జూలైలో ఎవడో ఒకడు మరిచేది.
ఎడమ మణికట్టు మీద గోరంత మచ్చ.
ఆ పిల్లోడి పేరు నేను మరిచినా.

అన్నభేది మా అరెకరా శెనక్కాయకు తెచ్చి మిగిలింది,
ఆకు పసుపు తిరిగితే చల్లేది.
మైలుతుత్తం దస్తగిరి నిమ్మచెట్లది.
యాసిడ్ జాలాట కడిగేదానికి కొన్నది.
కొత్తగా కొన్నది రబ్బరు తొడుగులు,
రెండు జతలు.

బోకులు బయటికి, బీరువా బయటికి,
కుట్టు మిషను బయటికి.
కసువు కొట్టి, కడిగి, ఆరనిచ్చి,
ముక్కుకు తడిగుడ్డ కట్టుకొని
పిచికారీ డబ్బా భుజానేసుకొని, చేన్లో మాదిరే,
వాకిలి పక్కకు వెనక్కి వెనక్కి నడుస్తా చల్లినా.

గచ్చు బుసకొట్టింది.
పదకొండేళ్లు నోరు మెదపని గచ్చు.
సిమెంటులో దాగిన సున్నం
యాసిడ్‌ని గుర్తుపట్టి నురగై లేచింది.

రంగు నేను వేసింది కాదు.
వేసింటే నా మాట వినేది.
ఇసక ఎక్కువైన చోట ఎండు తమలపాకు,
మేస్త్రి తాపీ గట్టిగా నొక్కిన చోట మాగిన చింతపండు,
మైలుతుత్తం పడిన మూల నెమలి కంఠం.
కాదులే, అంత లేదు, అబద్ధమెందుకు,
తోమక చిలుమెక్కిన రాగి చెంబు అడుగు.

నాలుగు గంటలాగి వంటసోడా నీళ్లు పోస్తే
అంతా బురద.
నెమలీ లేదు, చెంబూ లేదు.
దస్తగిరి వాకిట్లో నిలబడి చూసినాడు.
ఏమీ అనలేదు. అనింటే బాగుండు.

ల్యాబు నుంచి తెచ్చుకున్న నీలి లిట్మస్ కాగితం
తడి గచ్చు మీద ఆనించినా.
ఎర్రబడింది.
ఇంకో బకెట్టు.
ఇంకో ముక్క. కొంచెం ఊదా.
ఇంకో బకెట్టు.
నీలంగానే ఉండిపోయింది.
అప్పుడు పరకేసి రుద్ది మంచినీళ్లు కొడితే
బురద కింది నుంచి లేచింది నా ఇల్లు.

ఒక్కచోట తప్ప.
కిటికీ కింద, చాపలో సగమంత,
మిషను నూనె బొట్టుబొట్టుగా తాగిన చోట
యాసిడ్ పళ్లు దిగలేదు.
పాలిపోయి అట్లే ఉంది, తొక్కుడు పలక ఆకారంలో.
కాలేజీ నుంచి వచ్చి రాత్రి పది దాకా
ఆడనే జాకెట్లు కుట్టింది.
ఈ గచ్చు సిమెంటు అప్పు తీరింది ఆ కుట్టు డబ్బుతోనే.

"రాపిడి బిళ్ల తెస్తా వదినా, పది నిమిషాల పని."
బండలకు నునుపు పెట్టేవాడికి
మచ్చ కనపడితే చేతులు ఊరుకోవు.
"ఉండనీలే" అన్నా.
మిషను మళ్లీ ఆడనే పెడతాం కదా, అని కూడా అన్నా,
కారణం అది కాకపోయినా.

పైపూత రెండు సార్లు. ఆరేదానికి రెండు రోజులు.
ఎదురింటి ఈరమ్మ చెప్పు విడిచి లోపలికొచ్చి
వంగి అరచేత్తో తడిమి
"ఏ క్వారీది మేయ్ మాబున్నీ, ఈ బండ?" అనింది.
నేను నోరు తెరిచేలోపలే దస్తగిరి,
"ఈ ఊర్లో దొరకదులే అక్కా."

గడప దగ్గర పైపూత కింద
ఒక లిట్మస్ ముక్క చిక్కుకొని పోయింది.
ఎప్పుడు పడిందో చూసుకోలేదు.
కసువు కొట్టేటప్పుడు రోజూ చూస్తా.
ఇంకా నీలంగానే ఉంది.